వేడివేళ్లు వెతికిన బోదె

సూరాయమ్మ గట్టు దిగి ఆ పన్నెండెకరాల్లోకి అడుగుపెట్టబోతూ చెప్పులు విప్పి పక్కన పెట్టింది. ఎదురుగా ఇనపరేకు మీద ఎర్రరంగుతో పెద్దపెద్ద అక్షరాలు: "బూట్లు లేనివారికి ప్రవేశం లేదు."

"అత్తా! చదువొచ్చుగా నీకు?" లోపలినుంచి కేకేసింది లోవలక్ష్మి.

"వొచ్చే. అందుకే నవ్వొస్తంది. ఆకుతోటలోకి బూట్లేసుకుని రమ్మనే బోర్డు మన గోదారి జిల్లాల్లో ఇదొక్కటే ఉంటది."

"ఇదిప్పుడు ఆకుతోట కాదు కదా."

"నీకు కాదు" అంది సూరాయమ్మ, మజ్జిగ క్యాను చంకన సర్దుకుని ఉత్త కాళ్లతో గొట్టాల మధ్య నుంచి నడిచొస్తూ.

నిజానికి అక్కడ తమలపాకు తోట చచ్చిపోయి పద్నాలుగేళ్లయింది. అప్పట్లో ఈ గోగులమెరక ఆకు అంటే రావులపాలెం సంతలో బేరమాడేవాళ్లు కాదు. ఒక వేసవిలో ఆ నేల కిందుగా వెళ్లే చమురు గొట్టం ఎక్కడో పగిలింది. పైకి ఏమీ కనబడలేదు. ముందు ఆకు పసుపుబారింది. తర్వాత తీగలు పాకిన అవిశచెట్లు నిలువునా ఎండాయి. తవ్వి చూస్తే మట్టి పిడికిట్లో జిగటగా, కిరసనాయిలు వాసనేసింది. మరుసటి ఏడాదికి వీధి చివర మంచినీళ్ల నూతిలో నీళ్ల మీద రంగురంగుల తెట్టు తేలింది. గొట్టం వేసిన కంపెనీ మూతపడి, చేతులు మారి, చివరికి ఎవరిని అడగాలో తెలియకుండా పోయింది. ఊరికి మిగిలినవి కాలువ దాకా నడిచి తెచ్చుకునే బిందెడు నీళ్లు, పడమటి గట్టుకి అవతల ఎలా బతికిందో తెలియని సూరాయమ్మ అరెకరం తోట.

తల్లి పోయాక లోవని పెంచింది ఈ మేనత్తే. తండ్రి లారీ మీద రాయపూర్ దాకా తిరిగే మనిషి, నెలకోసారి కనబడేవాడు. ఊళ్లో బడి, తర్వాత అమలాపురంలో రసాయనశాస్త్రం డిగ్రీ, అన్నీ ఆ అరెకరం ఆకు మీదే నడిచాయి. విశాఖ నుంచి ప్రయోగశాల వాళ్లు వచ్చి, నేల వేడి చూసి రాసుకునే మనిషి కావాలన్నప్పుడు లోవ చేరింది. ఎక్కువ మాట్లాడదు, చూసింది మర్చిపోదు. అందుకే ఆ పని ఆమెకి అతికినట్టు సరిపోయింది.

ప్రయోగశాల పెద్ద డాక్టర్ ఓబులేసుది అనంతపురం వైపు ఊరు. వచ్చిన కొత్తలో ఆయన సూరాయమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని ఒక గాజుగ్లాసు అడిగాడు. దాన్నిండా తడిమన్ను కూరి, అంచు పక్కగా ఒక చుక్క కిరసనాయిలు దింపాడు. రెండో అంచున వెంట్రుకంత సన్నటి బూడిదరంగు దారం గుచ్చాడు. కాఫీ తాగుతూ కబుర్లు చెప్పాడు. కాఫీ అయ్యేసరికి దారం గాజుకి ఆనుకుని మెల్లగా వంగి, మట్టిని తొలుచుకుంటూ కిరసనాయిలు వైపు వేలెడు దూరం పాకింది.

"జలగలాగుందే బాబూ ఇది" అని సూరాయమ్మ గ్లాసు దూరం జరిపింది.

"జలగే అనుకోండమ్మా. కాకపోతే రక్తం బదులు నూనె. నూనె తగిలిన పక్కే ఉబ్బుతాది, ఉబ్బిన పక్కే సాగుతాది. దానికి బుద్ధి లేదు, ఆకలి ఉండాది" అన్నాడు ఓబులేసు. "మేము దీన్ని వేడివేరు అంటాం. నేల్లోకి దించితే నూనె యాడుందో అదే ఎతుక్కుంటాది. ఆ మీదట కరెంటిస్తే మూడొందల డిగ్రీలు కాగుతాది. నూనె ఆవిరైతాది. ఆ ఆవిరిని గొట్టాల్తో పీల్చి చల్లార్చినామంటే మళ్లా నూనె. నేలకి నేల శుద్ధి, నూనెకి నూనె."

"మరి నేల్లో ఉన్న వేర్లూ, వానపాములూ?"

ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "పోతాయమ్మా. అబద్ధం చెప్పను. కడిగిన పళ్లెం మాదిరి అయిపోతాది నేల. మళ్లా ప్రాణం పోసుకునేకి మూడు నాలుగేండ్లు పడతాది."

"చచ్చిన నేలేగా. ఇంకోసారి చస్తే ఏమౌద్ది? కానియ్యండి" అంది సూరాయమ్మ. ఊరివాళ్లు కూడా అదే మాటన్నారు.

మొదటి ముప్పై రోజులు పండగలా గడిచాయి. చల్లార్చే గొట్టం చివర నల్లటి చమురు ధారకట్టి పీపాల్లో పడుతుంటే చూడ్డానికి జనం వచ్చేవారు. రోజూ కాలువ నుంచి రెండు బిందెలు మోసుకొచ్చే నూకాలమ్మ ఒకరోజు బిందెలు దించి, నడుం మీద చెయ్యేసుకుని పీపాలోకి తొంగిచూసింది. నూకాలమ్మ, సూరాయమ్మ ఈడువాళ్లు. ఒకే వీధి, ఒకే ఏడాది కాపురాలకొచ్చారు.

"ఇదేనా నా మోకాళ్లు తినేసింది?" అంది నూకాలమ్మ.

"అదే పిన్నీ" అంది లోవ.

"బాగా కాల్చండి దాన్ని. నా తరఫున కూడా రెండు పుల్లలెయ్యండి."

అందరూ నవ్వారు. సూరాయమ్మ కూడా నవ్వింది గాని, ఆ నవ్వు మొహం దాకానే వచ్చి ఆగిపోయినట్టు లోవకి అనిపించింది. అప్పుడు దాని గురించి ఆలోచించలేదు.

నలభై ఒకటో రోజు పొద్దున్నే కంప్యూటర్ తెర మీద వేడివేళ్ల దారులు చూస్తున్న లోవకి ఎనిమిది వేళ్లు పడమటికి తిరిగి కనిపించాయి. అటు వెళ్లాల్సిన పని లేదు. కంపెనీ వదిలిపోయిన పటం ప్రకారం చమురు పడమటి గట్టు దగ్గరే ఆగిపోయింది. ఆ మాటే ఓబులేసుకి చెప్పింది. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని చూశాడు.

"తప్పు లెక్క చూపిస్తాంది ఏమో. రేపు చూద్దాం."

మర్నాటికి అవి ఏడెనిమిది బారలు ముందుకి పోయాయి. ఎనిమిదీ ఒకదాని పక్కన ఒకటి, గీత గీసినట్టు. మూడో రోజుకి గట్టు దాటాయి. గట్టు అవతల సూరాయమ్మ తోట. ఆరో రోజుకి తోట చివరికి చేరాయి. తోట దాటితే ఇళ్లు.

ఓబులేసు ఆ రోజు భోజనం చెయ్యలేదు. "నూనె లేని తావుకి పోతాండాయి" అన్నాడు, ఎటో చూస్తూ. "బుద్ధి లేదు గాని ఆకలి ఉండాదనుకున్యా లోవమ్మా. ఆకలి గూడా లేదేమో. ఊరికే తిరుగుతాందేమో. రేపు ఇండ్ల కిందికి పోయిందనుకో, మూడొందల డిగ్రీలు! ఎవుని పొయ్యి కిందో, ఎవుని ఊయల కిందో."

"ఆ ఎనిమిదీ ఆపేస్తే సరిపోదా సార్?"

"అల్లిక అంతా ఒకటే కదమ్మా. ఆపితే మొత్తం ఆపల్ల. చల్లారినాయంటే గాజు మాదిరి గట్టిపడి పగిలిపోతాయి. మళ్లా అంటించేకి కాదు. సగం నేల అట్లే ఉంటాది, నా పద్దెనిమిదేండ్ల పని ఇట్లే ఉంటాది." కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకుని, "శుక్రవారం విశాఖ నుంచి పెద్దోళ్లు వస్తారు. ఆ లోపల నేనే ఆపేస్తా. వాళ్ల చేత ఆపించుకునేది ఎందుకు" అన్నాడు.

"ఆ తోటలో ఒక్క బొక్క వేసి మట్టి తీసి చూస్తే తెలిసిపోతుంది కదా, నూనె ఉందో లేదో."

"అడిగినా. మీ అత్తమ్మ వద్దనె."

లోవ నమ్మలేకపోయింది. పన్నెండెకరాల పనికి ముందుగా సరేనని, రోజూ మజ్జిగ పోస్తున్న మనిషి ఒక్క బొక్కకి వద్దనడమేంటి? అప్పుడే గుర్తొచ్చింది, అత్త మజ్జిగ తెచ్చి మూడు రోజులైంది.

సాయంత్రం ఆమె ఇంటికి పోకుండా నేరుగా తోటకి వెళ్లింది. సూరాయమ్మ అవిశచెట్ల నీడలో పీట వేసుకుని ఆకు కట్టలు కడుతోంది. లోవ ఏమీ అడక్కుండా చెప్పులు విప్పి తోట ఒక కొస నుంచి రెండో కొస దాకా నడిచింది. మూడో సాలు దగ్గర అరికాలికి వెచ్చగా తగిలింది. ఎండకి వేడెక్కిన మట్టి వెచ్చదనం కాదు, జ్వరం ఉన్న ఒంటిని తాకినట్టుంది. తలెత్తి చూసింది. ఆ ఒక్క సాలులో ఆకు అంచులు లోపలికి ముడుచుకున్నాయి. ఇటు సాలు పచ్చగా ఉంది, అటు సాలు పచ్చగా ఉంది.

"నీకు మూడు రోజుల కిందటే తెలిసింది కదత్తా?"

సూరాయమ్మ కట్ట ముడి బిగించింది. "కాళ్లుంటే తెలుస్తది."

"మరి సారుకి చెప్పలేదేం? ఆయన తన దారం పిచ్చిదనుకుంటున్నాడు. రేపు ఆపేస్తాడు."

సూరాయమ్మ ఇంకో కట్ట తీసుకుంది, కట్టలేదు. ఆకులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చుంది. లోవ ఎదురుగా నేల మీద కూలబడింది.

"మీ మావయ్య, నేనూ తవ్వాం" అంది సూరాయమ్మ చివరికి.

"ఏంటి?"

"బోదె. ఆకుతోటలో నీళ్లు నిలిస్తే ఏం చేస్తాం? బోదె తవ్వి పల్లానికి వదిలేస్తాం. ఆ ఏడు నూనె గట్టు దాకా ఊరింది. ఇంకో వారంలో మన తోటలోకి వచ్చేస్తది. కంపెనీవోడు రేపొస్తాం, ఎల్లుండొస్తాం అన్నాడు. మీ మావయ్య బుల్లియ్యకి తెలిసిన పని అదొక్కటే కదే. ఇద్దరం నడుంలోతు బోదె తవ్వాం, ఈ మూడో సాలు ఎంట. నూనంతా తోట దాటి పోయి నూతి పక్కనున్న గోతిలో పడింది. గోతిలోంచి తోడి పారబోద్దాం అనుకున్నాం. ఆ రాత్రే తుపాను పట్టుకుంది. మూడ్రోజులు వాన. గొయ్యి పొంగి, నూనె భూమిలోకి దిగిపోయింది. వాన వెలిశాక గడ్డి కుక్కి బోదె పూడ్చేశాం. ఎవళ్లకీ చెప్పలేదు."

దూరంగా ఎవరో గేదెను అదిలిస్తున్నారు.

"ఏడాదికి నూతిలో తెట్టు తేలింది. ఊరంతా కంపెనీని తిట్టారు. మేమూ తిట్టాం. మీ మావయ్య మళ్లీ ఆ నూతి వైపు నడవలేదు. ఆరేళ్లకి పోయాడు. పోయే ముందు 'చెప్పెయ్యవే సూరాయీ' అన్నాడు. చెప్దావనే అనుకున్నాను. పొద్దున్నే గుమ్మంలోకొస్తే నూకాలు రెండు బిందెలతో ఎదురొచ్చేది. దాని మొహం చూసి ఎలా చెప్పనే? ఆ రోజు చెప్పలేదు, మర్నాడూ చెప్పలేదు, పద్నాలుగేళ్లయిపోయింది."

లోవ చుట్టూ ఉన్న పచ్చదనాన్ని చూసింది. తన పుస్తకాలు, అమలాపురం బస్సు, పరీక్ష ఫీజులు, ఈ ప్రయోగశాల ఉద్యోగం అన్నీ ఈ తోట నుంచే వచ్చాయి. తోట బతికింది ఆ బోదె వల్ల. ఇన్నాళ్లూ తాను కూడా ఆ బోదె గట్టునే నడిచింది, తెలియక. అత్తని తప్పుపట్టడానికి నోరు రాలేదు. అలాగని పోనీలే అనడానికీ రాలేదు.

"వేళ్లని అటే పోనిస్తే తోట మిగలదత్తా."

"తెలుసు."

"ఆపేస్తే నుయ్యి బాగుపడదు. ఇంకెప్పటికీ."

"అదీ తెలుసే. మూడ్రోజుల్నించీ ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తన్నాను" అని సూరాయమ్మ ఒళ్లో ఆకులు దులిపి లేచింది. "పొద్దున్నే ముగ్గుపిండి డబ్బా ఇలా పట్రా."

మర్నాడు తెల్లవారి మసక ఇంకా వీడకముందే సూరాయమ్మ పడమటి గట్టు మీద నిలబడింది. ఓబులేసు, లోవ, పనివాళ్లు ఇద్దరు ఆమె వెనక. ఆమె కళ్లు సగం మూసుకుని ఒక్కో అడుగే వేసింది. పాదం ఆనించి, ఒక క్షణం ఆగి, పిడికిట్లో పిండి వదిలేది. కొంచెం పక్కకి జరిగేది, తల అడ్డంగా ఊపేది, వెనక్కి వచ్చి మళ్లీ వదిలేది. తోట చివరిదాకా వెచ్చదనమే దారి చూపింది. ఆ తర్వాత నేల చల్లబడింది. వేళ్లు ఇంకా అంతదూరం రాలేదు. అక్కడ ఆమె కళ్లు పూర్తిగా తెరిచి, జ్ఞాపకం ఉన్న చోటల్లా పిండి చల్లుకుంటూ పోయింది. తెల్లటి గీత కొబ్బరిమొక్కల పక్కగా, దడి కిందుగా పోయి నూతి గట్టు దగ్గర ఆగింది.

ఓబులేసు తెర మీద దారుల్ని కాగితం మీదికి దించుకుని తెచ్చాడు. తోట మేరకి గీత పక్కన పెట్టి చూశాడు. జానెడు తేడా కూడా లేదు. ఆయన ఆ మట్టిలోనే గొంతుక్కూర్చుని నవ్వడం మొదలుపెట్టాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"ఆకలి ఉండాదమ్మా! నా దారానికి ఆకలి ఉండాది! పటమే అబద్ధం."

"పటం కాదు బాబూ, నేను" అంది సూరాయమ్మ.

అప్పటికే కాలువకి వెళ్లేవాళ్లు, పాలు పోయించుకునేవాళ్లు గీత చుట్టూ మూగారు. ఊరంతా ముగ్గేసుకుంటూ వచ్చిందేంటి ఈవిడ అని ఒకరిద్దరు నవ్వారు కూడా. సూరాయమ్మ నూతి గట్టుకి ఆనుకుని నిలబడి, ముందురోజు సాయంత్రం లోవకి చెప్పిందంతా వాళ్లకి చెప్పింది. సాకులు కలపలేదు. తుపాను సంగతి ఒక్క మాటలో దాటేసింది. భర్త పేరు ఒక్కసారే ఎత్తింది. "ఆయన చెప్పమన్నాడు, నేనే చెప్పలేదు" అంది.

"పద్నాలుగేళ్లు కాలువ నీళ్లు తాగించావన్నమాట" అన్నాడు పాలకేంద్రం గుర్నాథం. సూరాయమ్మ తల ఊపింది. నూకాలమ్మ జనం వెనక నిలబడి ఉంది. ఆమె రెండు బిందెలూ ఎత్తుకుని కాలువ వైపు నడిచి వెళ్లిపోయింది. ఒక్క మాట అనలేదు. నూకాలమ్మ నోరు తెలిసిన వీధికి ఆ మౌనమే పెద్ద తిట్టులా వినిపించింది.

శుక్రవారం పెద్దలు వచ్చారు, గీత చూశారు, మట్టి తీయించారు. మట్టి వాసన చూసిన వాళ్లకి ఇక వేరే రుజువు అక్కర్లేకపోయింది. నూతికి ఇరవై అడుగుల దూరంలో రేకులు దించి వేళ్లని అడ్డుకునేలా, గీత పొడవునా ఆవిరి గొట్టాలు దించేలా అనుమతి ఇచ్చారు. ఓబులేసు అది చేతిలో పట్టుకుని నేరుగా సూరాయమ్మ ఇంటికొచ్చాడు.

"అమ్మా, ఇంకా వద్దనేకి టైముంది. తోట మీది."

"నన్ను మళ్లీ ఆశపెట్టకండి బాబూ" అంది సూరాయమ్మ. "మీకు దండం పెడతాను. రేపే మొదలెట్టండి."

తోట ఖాళీ చెయ్యడానికి నాలుగు రోజులు పట్టింది. ఆమె ఒక్కతీ దించుకుంటుందనుకున్నారు. కాని మొదటిరోజే ఏటి అవతలి లంకల నుంచి ఆకు రైతులు పడవ కట్టించుకుని వచ్చారు. కబురు ఎవరు చేశారో తెలియదు. పెద్దగా మాట్లాడకుండా చెట్టుకి కట్టిన జమ్ము తాళ్లు విప్పారు. బతికున్న తీగని ముక్కలుగా కోసి తడి గోనెల్లో చుట్టారు. "మా తోటల్లో పాతుతాం వదినా. మీ ఆకు పేరు పోనివ్వం" అన్నాడు వాళ్లలో పెద్దాయన. పాలకేంద్రం గుర్నాథం కూడా వచ్చాడు. "అవిశ కొమ్మలు గేదెలకి పట్టుకెళ్తాను" అని గొణిగి, సాయంత్రం దాకా తీగలు దించాడు. కొమ్మలు మాత్రం మర్చిపోయాడు. ఆ నాలుగు రోజులూ లోవ చూసిన మొహాలన్నిటినీ గుర్తుపెట్టుకుంది. అన్నిటికీ మనసులోనే దణ్ణం పెట్టుకుంది. నూకాలమ్మ మాత్రం రాలేదు.

వేళ్లు బోదె పట్టుకుని ముందుకి సాగాయి. తోట నేల మీద చేతులు పెట్టలేనంత వేడి. అవిశచెట్లు రోజుకి కొంత చొప్పున ఆకు రాల్చి, ఇరవై రోజుల్లో మోళ్లయ్యాయి. సూరాయమ్మ దడి అవతల నుంచి చూసేది. లోవ ఆమె పక్కన నిలబడి చేతిలోని పుస్తకంలో అంకెలు రాసుకునేది: రెండొందల పది, రెండొందల అరవై, మూడొందలు. అంకె పెరిగినకొద్దీ చల్లార్చే గొట్టం చివర ధార లావయ్యేది. ఆ బోదెలోంచి అంత చమురు వస్తుందని ఓబులేసు కూడా అనుకోలేదు.

వేడి తగ్గాక నూతి దగ్గర గొట్టం వెయ్యడానికి బోదె ఒకచోట తవ్వారు. నడుంలోతున గడ్డి కనిపించింది. గాలి ఆడకుండా కాలడం వల్ల అది బూడిద కాలేదు. పోచ పోచగా, నల్లగా, మెరుస్తూ అలాగే ఉంది. ఒక వరస నిలువుగా, ఒక వరస అడ్డంగా పరిచి, అంచులు లోపలికి మడిచి ఉంది. సంతకి పంపే ఆకుబుట్టలో అడుగున గడ్డి పరిచే పద్ధతి అది.

సూరాయమ్మ గోతి పక్కన కూర్చుని వంగి చూసింది. "మూలలు కూడా మడిచాడే మీ మావయ్య" అంది. "పూడ్చెయ్యాల్సిన బోదెకి, ఎవళ్లూ చూడని బోదెకి, మూలలు మడిచాడు చూడు." వేలితో తాకగానే ఒక పోచ పొడిపొడిగా రాలింది. భర్త పోయినప్పుడు కూడా ఊరి ముందు ఏడవని మనిషి అప్పుడు గట్టిగా ఏడ్చింది. లోవ ఆమె వీపు మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయింది. పలుగు పట్టుకున్న పనివాడు పని ఆపి పక్కకి వెళ్లాడు.

తర్వాత మూడు నెలలు నూతిలో నీళ్లు తోడి పారబోయడమే పని. తోడిన నీళ్లని వడగట్టి, మళ్లీ ఊరనిచ్చి, మళ్లీ తోడారు. వారానికోసారి సీసా విశాఖ వెళ్లేది. మొదట వాసన పోయింది. తెట్టు పోయింది. కార్తీకం మధ్యలో ఒక సోమవారం ఓబులేసు కాగితం ఒకటి పైకెత్తి ఊపుకుంటూ వీధిలోకి పరుగెత్తుకొచ్చాడు. ఆయన్ని ఎవరూ అంతకుముందు పరుగెత్తడం చూడలేదు.

"తాగొచ్చు!" అని అరిచాడు. "తాగొచ్చమ్మా, తాగొచ్చు!"

కాసేపట్లో నూతి చుట్టూ వీధంతా చేరింది. గిలకకి కొత్త తాడు కట్టారు. ముందు ఎవరు తోడాలి అన్న దగ్గర ఆగింది. సర్పంచి డాక్టరుగారు తోడాలన్నాడు. డాక్టరు లోవ తోడాలన్నాడు. లోవ తాడు తీసుకెళ్లి, వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ అత్త చేతిలో పెట్టింది.

"నేను కాదే. నేను చెడగొట్టిన నీళ్లు" అంది సూరాయమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంటూ.

"తోడవే" అని గొంతు వినిపించింది. జనం పక్కకి తప్పుకున్నారు. నూకాలమ్మ, రెండు బిందెలు రెండు చేతుల్లో పట్టుకుని, ఒక మోకాలు ఈడ్చుకుంటూ వస్తోంది. ఐదు నెలల్లో ఆమె సూరాయమ్మతో అన్న మొదటి మాట అదే. "చెడగొట్టినదానివి తోడక, చెడగొట్టనోళ్లు తోడాలా? చాలు మోసింది. పొయ్యి."

సూరాయమ్మ చేద లోపలికి వదిలింది. చాలా లోతు నుంచి నీళ్ల చప్పుడు పైకొచ్చింది. తోడిన చేద గట్టు మీద పెట్టి ఆమె అలాగే నిలబడింది. నూకాలమ్మ వంగి దోసిలి పట్టింది. సూరాయమ్మ చేద వంచింది. చేద తొణికి సగం నీళ్లు నూకాలమ్మ కుచ్చిళ్ల మీద పడ్డాయి. నూకాలమ్మ తాగింది. నాలుకతో పెదాలు తడుపుకుంది. మొహం చిట్లించింది.

"ఉప్పగా ఉన్నాయే" అంది.

ఓబులేసు కాగితం విప్పి అంకెలు మళ్లీ చూసుకున్నాడు. లోవ పరీక్ష సీసా కోసం పరుగెత్తబోయింది. సూరాయమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు.

నూకాలమ్మ అందరి మొహాలూ ఒకసారి చూసి పకపకా నవ్వింది. "ఏంటలా బిగుసుకుపోయారు? మన నుయ్యి ఎప్పుడు తియ్యగా ఉంది గనక? నేను కాపరానికొచ్చిన రోజున మా అత్త ఇచ్చిన గ్లాసుడు నీళ్లూ ఇంతే ఉప్పు. మొహం మీదే ఊసేశాను. ఇవే, ఇవే మన నీళ్లు."

వెనక ఎవరో నవ్వారు. ఇంకెవరో ఏడుస్తూ నవ్వారు. సూరాయమ్మ చేద పట్టుకుని కదలకుండా నిలబడే ఉంది. కళ్లలోంచి కారిన నీళ్లు చేదలోనే పడుతున్నాయి.

"అందులో నీ ఉప్పు కూడా కలపకే" అంది నూకాలమ్మ, మళ్లీ దోసిలి చాపుతూ. "ఆపావేంటి? పొయ్యి."